ఆ తెర కట్టింది నేనే

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న పత్తి వర్తకులు, మన ఆస్పత్రికి ఎప్పటి నుంచో ఆప్తులు గౌస్ బాషా గారికి, వేదిక మీదున్న సూపరింటెండెంటు గారికి, నాకంటే ముందే రిటైరై ఇప్పుడు వీడి సంగతి ఏమవుతుందో చూద్దామని వచ్చిన పెద్దలకు, నర్సమ్మలకు, ఆయాలకు, వ్యాను పంపిస్తే శ్రమ అనుకోకుండా పల్లెల నుంచి వచ్చిన నా పాత పేషెంట్లకు, మొదటి వరసలో కూర్చుని నేను ఎక్కడ తడబడతానా అని కనిపెట్టుకుని ఉన్న నా భార్య జయకుమారికి, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ గుంటూరు ఆస్పత్రిలో కాళ్ళూ చేతులూ పట్టుకుని బతికిన ఫిజియోథెరపిస్టు ఇమ్మానియేలు నమస్కారాలు.

ఇప్పటిదాకా ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ కలిసి నన్ను ఎంత మంచివాణ్ణి చేశారంటే, నాలుగో ఆయన మాట్లాడుతుండగా నేను పక్కకి తిరిగి చూశాను, ఇంకో ఇమ్మానియేలు ఎవరన్నా వచ్చి కూర్చున్నాడేమోనని. (నవ్వులు) ఈ సన్మాన పత్రం రాసిన తెలుగు మాస్టారు ఎక్కడున్నారండీ? ఆ, స్తంభం పక్కన ఉన్నారు. మాస్టారూ, చాలా బాగా రాశారు. రెండో పేరాలో ఏం రాశారో చదువుతాను, వినండి. "1998లో వార్డునందు తెరలు కట్టించి, రోగుల ఆత్మగౌరవమును కాపాడిన దయామూర్తి." బాగుంది. నాలుగో పేరా. "2007లో ఆ తెరలను తొలగించి, ఆధునిక చికిత్సా విధానమునకు శ్రీకారము చుట్టిన దార్శనికుడు." అంటే కట్టినందుకూ నేనే గొప్పవాణ్ణి, విప్పినందుకూ నేనే గొప్పవాణ్ణి. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు కొట్టకండి. దయచేసి. నేను ఈ మైకు ముందుకు వచ్చింది ఆ రెండు పేరాల మధ్య ఉన్న తొమ్మిదేళ్ళ గురించి చెప్పడానికి. పోయిన ఆదివారం నుంచీ కాగితం మీద రాసుకోవడం, చించెయ్యడం. కాబట్టి అటూ ఇటూ పోతే క్షమించాలి.

కొత్తవాళ్ళకి తెలియదు గనక చెబుతాను. మన పక్షవాతం వార్డు అప్పట్లో ఒకటే పొడుగాటి హాలు. అటు ఆరు, ఇటు ఆరు మంచాలు. మధ్యలో నడక నేర్పడానికి రెండు ఇనుప కమ్మీలు, వాటి పక్కన ఒక బల్ల. ఆ బల్ల మీద రెండు గిన్నెలు, కొన్ని గోలీలు. పడిపోయిన చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చిన వాళ్ళు ఆ గోలీలు ఒక్కొక్కటే తీసి ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వెయ్యాలి. ఇదంతా అందరి కళ్ళ ముందే జరిగేది. కమ్మీలు పట్టుకుని ఒకాయన అడుగు వేస్తే, కదల్లేక పడుకున్న పదిమందీ మెడలు తిప్పి చూసేవాళ్ళు.

ఇక్కడే మన జిల్లా వాళ్ళం మన బుద్ధి చూపించాం. ఎవరన్నా కాస్త నడిచారో లేదో, ఇంట్లోవాళ్ళకి దిష్టి భయం పట్టుకునేది. "అంతమంది లేవలేనోళ్ళు అట్టా గుడ్లప్పగించి చూస్తావుంటే తగలదాండీ?" అనేవాళ్ళు. సాయంత్రం అయ్యేసరికి పేషెంటు చుట్టూ మిరపకాయలు తిప్పడం, వాటిని వరండాలో కాల్చడం, ఆ ఘాటుకి వార్డంతా దగ్గడం. మిరపకాయలకి మనకేం కొదవ? (నవ్వులు) హిందువులు, ముస్లిములు అని లేదు, మా క్రైస్తవులు కూడా ప్రార్థన చేసి, ఎందుకైనా మంచిదని నాలుగు కాయలు తిప్పేవాళ్ళు. అదిగో, మన వార్డు హెలెన్ ముసిముసిగా నవ్వుతోంది, ఆమెకి తెలుసు.

1998లో గౌస్ బాషా గారి నాన్నగారు మన దగ్గర చేరారు. రెండు వారాలు మంచంలోనే ఉన్నారు. మూడో వారంలో కమ్మీలు పట్టుకుని నాలుగు అడుగులు వేశారు. మర్నాడు జ్వరం. ఇంకేముంది, కళ్ళు పడ్డాయన్నారు. ఏదన్నా అడ్డం కట్టించమని మీ అమ్మగారు నన్ను అడిగారు, గుర్తుందా బాషా గారూ? ఆవిడని నేనేమీ అనడం లేదు. ఆవిడ భయం ఆవిడది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి, దిష్టిని నమ్మను. కానీ నా బుర్రలో ఇంకొకటి దూరింది. నడిచేవాణ్ణి చూసి నడవలేనివాడు బాధపడతాడు కదా, చిన్నబోతాడు కదా, వాడి ముందు ఎందుకీ ప్రదర్శన అనుకున్నాను. వాళ్ళది భయం, నాది దయ. రెండూ కలిశాయి. చీరాల నుంచి ఆకుపచ్చ నేతగుడ్డ తెప్పించి హాలు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకి తెర కట్టించాను. కమ్మీలూ బల్లా తెరకి అవతల, కదల్లేనివాళ్ళు ఇవతల. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేనూ రోజూ వార్డులోకి వస్తూ ఆ తెర చూసి మురిసిపోయేవాణ్ణి.

ఆ మరుసటి ఏడు, మిరపకాయల సీజను మంచి ఊపులో ఉండగా, ప్రత్తిపాడు అవతల ఒక ఊరి నుంచి రాఘవమ్మ అనే ఆమెని తీసుకొచ్చారు. అప్పటికి నలభై ఏళ్ళు. కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే పని. వరసలో కూర్చుని పని చేస్తుండగానే కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. తొడిమలు తీసేవాళ్ళని మీరంతా చూసే ఉంటారు. బొటనవేలితో ఒక్క మీటు, కాయ ఇటు, తొడిమ అటు. రాఘవమ్మ చెయ్యి ఆ వరసలో అందరికంటే ముందుండేదట. ఆమె మంచం ఏడో నంబరు, సరిగ్గా తెర పక్కన.

వచ్చిన వారానికి, నేను రౌండ్సుకి వెళ్ళేసరికి, ఎడమచేత్తో తెర పక్కకి లాగి అవతలికి చూస్తోంది. బల్ల దగ్గర ఒకామె గోలీలు ఏరుతోంది. "ఏమ్మా, ఏం చూస్తున్నావు?" అన్నాను. ఆమె మాట కూడా అప్పటికి సగం సగంగానే వచ్చేది. అయినా స్పష్టంగా చెప్పింది. "ఆమె గోలీ తీస్తా ఉంటే నా చెయ్యి కదుల్తందయ్యా. పైకి కదలట్లా. లోపల కదుల్తంది. ఆ తెర కాస్త తీయించండయ్యా."

దానికి నేనేమన్నానో తెలుసా? "ఊరికే చూస్తే చేతులొచ్చేస్తాయా అమ్మా? అట్లాగయితే టీవీలో క్రికెట్ చూసేవాళ్ళంతా సెంచరీలు కొట్టాలిగా!" (నవ్వులు)

మీరూ నవ్వారు. ఆరోజు వార్డంతా నవ్వింది. నర్సులు నవ్వారు, పేషెంట్ల తాలూకు వాళ్ళు నవ్వారు. రాఘవమ్మ కూడా నవ్వింది, సగం నోటితో. నా జోకు బాగా పేలిందని నేను ఇంటికి వెళ్ళి జయకుమారికి కూడా చెప్పాను. గుర్తుందా? చాలాసార్లు చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను. ఎనిమిదేళ్ళు ఆ జోకు మీద బతికాను. ఇప్పుడు తలచుకుంటే నాకు ఎక్కడన్నా దాక్కోవాలనిపిస్తుంది.

నీళ్ళివ్వండి కాస్త.

ఆమె మానలేదు. నేను వెళ్ళగానే తెర లాగేది. అవతల వాళ్ళు, ఆ ఏడో నంబరామె అదేపనిగా చూస్తోందని, దిష్టి పెడుతోందని ఫిర్యాదు చేశారు. నేను తెరకి పిన్నీసులు పెట్టించాను. ఆమె ఎడమచేత్తో పిన్నీసులు విప్పడం నేర్చుకుంది. (నవ్వులు) అప్పుడన్నా నాకు తెలియాలి కదండీ, ఒక మనిషి ఒంటిచేత్తో, పడుకుని, పిన్నీసు విప్పుతోందంటే ఆమెకి అవతల ఏదో కావాలని? తెలియలేదు. మొండిదనుకున్నాను. మంచం తీసుకెళ్ళి హాలు చివర గోడవైపు వేయించాను. అయిదు వారాలు గోడ చూస్తూ పడుకుంది. నేను రోజూ వెళ్ళి ఆ చెయ్యి పైకెత్తి, కిందికి దించి, నాకు నేర్పినవన్నీ శ్రద్ధగా చేశాను. కాలు కాస్త వచ్చింది. చెయ్యి రాలేదు. అట్లాగే ఇంటికి వెళ్ళిపోయింది.

మంచం మార్చిన రోజు హెలెన్ నా గదికి వచ్చింది. అప్పుడు ఆమె ఆయా. ఇప్పటికీ ఆయానే, మనం ఎవరికీ ప్రమోషన్లు ఇవ్వం. (నవ్వులు) "సార్, తెర పక్కన ఉన్నప్పుడు ఆమె బొటనవేలు కదిలింది. రెండుసార్లు చూశాను నేను" అంది. నేను తలెత్తకుండా, "నువ్వు ఆయావా, డాక్టరువా?" అన్నాను. హెలెన్ వెళ్ళిపోయింది. కేస్ షీటులో ఆ వేలి సంగతి నేను రాయలేదు. ఆయా చెబితే రాయడమేమిటనుకున్నాను. ఏడు తరగతులు చదివిన మా అమ్మ పత్తి చేలల్లో కూలికి వెళ్ళి నన్ను చదివించింది. ఆ చదువు పెట్టుకుని నేను ఇంకొకమ్మతో అన్న మాట అది. హెలెనూ, ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను, తప్పయింది.

2007లో హైదరాబాదులో కాన్ఫరెన్సు పెట్టారు. నిజం చెప్పాలంటే సర్టిఫికెట్టు కోసం, భోజనాల కోసం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్రపోవడానికి వెనక వరస చూసుకుని కూర్చున్నాను. ఎవరో ఒక కుర్ర డాక్టరు తెర మీద బొమ్మలు వేసి చెప్పడం మొదలుపెట్టాడు. ఇటలీలో కోతుల మీద పరిశోధన చేశారట. కోతి పల్లీ తీసుకునేటప్పుడు దాని మెదడులో ఒకచోట కొన్ని కణాలు చురుకవుతాయి. అది సరే. కానీ కోతి కదలకుండా కూర్చుని ఉండగా, ఎదురుగా మనిషి పల్లీ తీసుకున్నా, కోతి మెదడులో ఆ కణాలే చురుకయ్యాయట. చెయ్యి కదల్లేదు. కానీ లోపల, చెయ్యి కదిపే చోటే లేచి కూర్చుంది. మనుషుల్లోనూ అలాంటిదే జరుగుతుందని తర్వాత తెలిసిందట. పక్షవాతం వచ్చినవాళ్ళకి ముందు ఇంకొకరు చేసే పని చూపించి, ఆ తర్వాత అదే పని వాళ్ళచేత చేయిస్తే, ఉత్తినే చేయించినవాళ్ళకంటే కొంత మెరుగ్గా కోలుకున్నారని ఆ కుర్రాడు లెక్కలు చూపించాడు.

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఆ కుర్రాడు అరగంట ఇంగ్లీషులో చెప్పిన మాట రాఘవమ్మ నాకు ఎనిమిదేళ్ళ ముందు రెండు ముక్కల్లో చెప్పింది, పైకి కదలట్లా, లోపల కదుల్తంది అని. అంతకన్నా బాగా ఆ కుర్రాడూ చెప్పలేదు. అసలు నాకు మాత్రం తెలియనిదా? ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలకి ఏటా వెళ్తాను. అదిలించేవాడు ముందుకి వంగితే గట్టు మీద నిలబడ్డ మేమంతా పళ్ళు బిగబట్టి వంగుతాం, ఇంటికొచ్చేసరికి నడుం పట్టేస్తుంది. నా ఒంట్లో జరిగేది నాకు తెలుసు. ఆమె ఒంట్లో జరిగిందని చెబితే నవ్వాను.

డాక్టర్లు ఇక్కడున్నారు గనక జాగ్రత్తగా చెబుతాను. చూస్తే చాలు, చేతులొస్తాయి అనడం లేదు. తెర తీసి ఉంటే రాఘవమ్మ చెయ్యి వచ్చేదని నేను ప్రమాణం చెయ్యలేను. రాకపోనూవచ్చు. కానీ ఆమెకున్న ఒక దారిని పిన్నీసులు పెట్టి మూశాను. మొదటి మూడు నెలలే ముఖ్యం, అవి పోతే మళ్ళీ రావని మీకందరికీ నేనే పాఠం చెబుతాను. ఆ మూడు నెలల్లో అయిదు వారాలు నేను ఆమెకి గోడ చూపించాను. ఆమె ఒక్కతే కాదు. ఆ తొమ్మిదేళ్ళలో తెరకి ఇవతల ఎంతమంది పడుకున్నారో నేను లెక్కపెట్టే ధైర్యం చెయ్యలేదు.

కాన్ఫరెన్సు నుంచి వచ్చిన మర్నాడే తెర తీయించాను. ఎందుకంటే ఏం చెప్పానో తెలుసా? ఉతకడానికి అని చెప్పాను. (కొద్దిగా నవ్వులు) నెల తర్వాత అప్పటి సూపరింటెండెంటు గారు తెర ఏదయ్యా అంటే, ఇది కొత్త పద్ధతి సార్ అన్నాను. ఆయన సంతోషించి వార్షిక నివేదికలో రాశారు. అదే ఈ పత్రంలో నాలుగో పేరా అయింది. పాత పద్ధతి తప్పని, అది నా తప్పని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంకా ఉంది. ఆ నెలలోనే రాఘవమ్మ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను, ఒట్టు. ఆమె ఎడమచేత్తో పొయ్యి ముందు పని చేసుకుంటోంది. నన్ను చూసి, "రండయ్యా, ఇంత దూరం వచ్చారా" అని కుర్చీ వేయించింది. కుడిచెయ్యి ఒళ్ళో అట్లాగే ముడుచుకుని ఉంది. "చెయ్యి ఎట్లా ఉందమ్మా?" అన్నాను. "ఉంది గదయ్యా, ఎక్కడికీ పోలా" అంది. టీ పెట్టి ఇచ్చింది. నేను బీపీ చూశాను. పాత పేషెంట్లని కలుస్తున్నాం అన్నాను. టీ తాగాను. అరగంట కూర్చున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది, లోపలికి మింగేశాను. వెళ్ళేటప్పుడు బస్సు దాకా తోడొచ్చి, "మీబోటి మంచోళ్ళు ఉండబట్టి" అని ఏదో అంది. ఆ మాట కూడా తీసుకుని బస్సెక్కాను.

అయ్యా, సిగ్గుపడాల్సింది అంతటితో అయిపోయిందనుకుంటే, ఇప్పుడు చెప్పేది దానికి మించినది. ఈ సభ అవగానే మనమంతా వెళ్ళి చూడబోయే కొత్త వార్డు ఉంది. గౌస్ బాషా గారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థం కట్టించారు. ఎంతో పెద్ద మనసు. దానికి నా పేరు పెడతామన్నారు. పేషెంటుకొక గది, ఎనిమిది గదులు, మధ్యలో చెక్క గోడలు. ఎవరికి వాళ్ళే, ఎవరూ ఎవరికీ కనపడరు. సోమవారం పొద్దున వడ్రంగులు ఆ గోడలు బిగించడానికి వస్తున్నారు. ఆ ప్లాను మీద సంతకం ఎవరిది? నాది. రెండు నెలల క్రితం పెట్టాను. అప్పటికి ఇదంతా తెలిసే పెట్టాను. గుడ్డ తెర తప్పని తెలిసినవాణ్ణి, చెక్క తెరకి ఒప్పుకున్నాను. గోడ మీద నా పేరు ఉంటుందంటే ఆ గోడ ఎవరి కళ్ళకి అడ్డం లేస్తోందో అడగలేదు. రిటైరయ్యేవాడికి పేరు పిచ్చి ఎక్కువండీ. నాకు ఇంకా ఎక్కువ.

గౌస్ బాషా గారూ, మీరు నా వైపు అట్లా చూడకండి, చెప్పేస్తాను. తెర వల్ల మీ నాన్నగారు నడిచారని మీ ఇంట్లో నమ్మకం. ఆయన తెర కట్టకముందే నడిచారండీ. అంతకుముందు రెండు వారాలు ఆయన మంచంలో పడుకుని ఏం చేశారు? ఎదురుగా కమ్మీల మధ్య ఇద్దరు రైతులు రోజూ నడుస్తుంటే చూశారు. మడమ ముందా, వేళ్ళు ముందా అని వాళ్ళని అడిగేవారు. నేను విన్నాను. ఆయన చూడవలసింది చూసి లేచారు. ఆ తర్వాత, ఆయన వెనక వచ్చినవాళ్ళకి నేను తెర వేసేశాను. మీ నాన్నగారి జ్ఞాపకంగా కట్టిన వార్డులో ఆయనకి దొరికిందే మిగతావాళ్ళకి లేకుండా పోతే ఎట్లా? ఆ చెక్క గోడలు వద్దండీ. బట్టలు మార్చుకునేటప్పుడు, స్నానానికి, ఆడవాళ్ళకి మరుగు కావాలి, అది పెట్టండి. కానీ నడిచేవాడు నడవలేనివాడికి కనపడాలి. గోలీలు ఏరే చెయ్యి ఏరలేని చేతికి కనపడాలి. నా పేరు తీసెయ్యండి, నాకేం బాధ లేదు. ఉంటుందనుకోండి, కొంచెం ఉంటుంది. అయినా తీసెయ్యండి.

(అధ్యక్షులు సూపరింటెండెంటుగారితో ఏదో మాట్లాడతారు)

అధ్యక్షులవారు సోమవారం పని ఆపిస్తామంటున్నారు. మళ్ళీ కూర్చుని మాట్లాడదామంటున్నారు. చాలా సంతోషం. మాట్లాడేటప్పుడు హెలెన్‌ని కూడా కూర్చోబెట్టండి.

రాఘవమ్మగారు వచ్చారు. హెలెనే వెళ్ళి తీసుకొచ్చింది. అదిగో, మూడో వరస చివర, పసుపుపచ్చ చీర. ఎందుకు పిలిచారో ఆమెకి చెప్పలేదు. అమ్మా, మీరు ఆరోజు చెప్పింది నిజం. మీ చెయ్యి లోపల కదిలింది. అది ఇప్పుడు పుస్తకాల్లో రాశారు. మీరు తెర తీయించమంటే నేను నవ్వాను, పదిమంది చేత నవ్వించాను, మిమ్మల్ని గోడవైపు తిప్పేశాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు. మీరేమైనా అనాలంటే అనండి. మైకు ఇవ్వండమ్మా ఆమెకి. అక్కర్లేదా?

(రాఘవమ్మ కూర్చున్నచోటు నుంచే, గట్టిగా: "మా ఇంటికొచ్చిన రోజే తెలుసయ్యా నాకు. ఊరికే బీపీ చూడ్డానికి అంత దూరం ఎవురొస్తారు? ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని బస్సు దాకా వచ్చా.")



విన్నారుగా. నన్ను పొగిడిన ఆరుగురికీ కృతజ్ఞతలు. వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఆరోజు ఆమె బస్సు దాకా వచ్చారు. ఇప్పుడు నేను కిందికి దిగి ఆమె దగ్గరికి వెళ్తాను. సెలవు.